రిలీవర్ వచ్చేదాకా

మా మావగారు పోయారని ఫోను వచ్చినప్పుడు నేను బిలాస్‌పూర్ శివార్లలో, మోప్కాలో ఒక ఇంటి పునాది దగ్గర ఉన్నాను. ఫోను చేసింది మా ఆవిడే. "నాన్న పోనారండీ" అని ఒక్క మాట అంది, ఆ తర్వాత అంతా ఏడుపే. ఆసుపత్రికి చేరేసరికి నా చెప్పులకు ఇంకా మట్టి ఉంది. ముందు రోజు సాయంత్రం కూడా ఆయన ఆసుపత్రి మంచం మీద నుంచే నన్ను నర్సుకు చూపించి, "మేరా దామాద్. ఫిల్‌హాల్ కన్‌స్ట్రక్షన్ మే హై" అన్నారు. దామాద్ అంటే అల్లుడు, ఫిల్‌హాల్ అంటే ప్రస్తుతానికి. పెళ్లయిన దగ్గర నుంచి నన్ను ఎవరికి పరిచయం చేసినా ఆయన ఆ మాట వదల్లేదు. అదే నా ఇంటిపేరు అయిపోయిందని నేను ఉడుక్కునేవాణ్ణి.

ఆయన గూడ్సు గార్డుగా రిటైరయ్యారు. వాళ్ల నాన్నగారు శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి బిలాస్‌పూర్ వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఆ ఇంట్లో ఉద్యోగం అంటే రైల్వే, మిగిలినవన్నీ కాలక్షేపం. క్వార్టర్ ఖాళీ చేసి దయాల్‌బంద్‌లో చిన్న ఇల్లు తీసుకున్నాక కూడా ఆయన అలవాట్లన్నీ డ్యూటీవే. నేను బండి తీస్తే గేటు దాకా వచ్చి, రోడ్డుకు రెండు వైపులా చూసి చెయ్యెత్తేవారు. ఆ చెయ్యి లేచేదాకా బండి కదలకూడదు. ఒకసారి తొందరలో కదిలాను. సాయంత్రం, "సిగ్నల్ ఇవ్వకుండా ఎలాగెల్లిపోనావు బాబూ?" అని నిజంగానే కోప్పడ్డారు.

ఈ పని మానేయాలని నాకూ ఉండేది. సైటు ఇంజనీరుగా చేరిన దగ్గర నుంచి ఆదివారం లేదు, పండగ లేదు. మబ్బు పడితే స్లాబు గుర్తొచ్చేది. ఫోను మోగితే ఎవరు కింద పడ్డారో అని దడుచుకునేవాణ్ణి. "మీరు ఇంటికొచ్చినా ఇంట్లో ఉండరు" అనేది మా ఆవిడ. అలాంటప్పుడు మావగారు తనకు తెలిసిన గుమస్తా ద్వారా ఒక కబురు తెచ్చారు. ఊరి అవతల కోనిలో, ఆ గుమస్తా పనిచేసే కాలేజీలో ల్యాబు చూసుకునే ఉద్యోగం, పర్మనెంటు. ఫ్యాను కింద పిల్లల చేత ప్రయోగాలు చేయించి, సాయంత్రం తాళం వేసుకుని ఇంటికి రావచ్చు. నా వయసుకు అదే ఆఖరి అవకాశం. వెళ్తానని మాటిచ్చాను.

ఇంటర్వ్యూ మధ్యాహ్నం. అదే రోజు సైటులో స్లాబు పోయాల్సి వచ్చింది. వాయిదా వేయమంటే బిల్డరు వినలేదు. నాతో ఉండే ఇంకో ఇంజనీరు ముందు వారమే మానేశాడు. మధ్యాహ్నానికి మేస్త్రీకి అప్పజెప్పి వచ్చేస్తానని ఇంట్లో చెప్పాను. పోత సగం అయ్యాక కింద నుంచి మేస్త్రీ కేక వేశాడు.

"సాబ్, బల్లీ బైఠ్ రహీ హై!"

సెంట్రింగ్‌కు ఆసరాగా నిలబెట్టిన కర్రల్లో ఒక వరస మెత్తటి నేలలోకి దిగిపోతోంది. పోత ఆపించి, పైనున్న వాళ్లందరినీ దింపేశాను. ఇప్పుడు కొత్త కర్రలు నిలబెట్టి, వాటి కింద చెక్కలు కొట్టి బిగించాలి. ఆలస్యమైతే పోసిన కాంక్రీటు గట్టిపడి స్లాబు మధ్యలో అతుకు పడుతుంది. తొందరపడితే మొత్తం కింద పనిచేసేవాళ్ల మీదకు వస్తుంది. బిల్డరు ఫోను ఎత్తడం లేదు.

సరిగ్గా అప్పుడు మావగారు స్కూటరు మీద దిగారు. నా చొక్కా ఇస్త్రీ చేయించి కవర్లో పెట్టి తెచ్చారు.

"ఏటి బాబూ, ఇంకా తెమల్లేదా? టైమైపోతన్నాది."

సంగతి చెప్పాను. ఆయన వాచీ చూసుకున్నారు. లోపల కర్రల మధ్య వంగి ఉన్న మనుషుల వైపు చూశారు.

"నీకు రిలీవర్ ఉన్నాడా?"

"లేడు మావయ్యగారూ."

"మరి రిలీవర్ రాకుండా డ్యూటీ ఎలాగ దిగుతావు?"

బదులు మనిషి వచ్చి పని అందుకునేదాకా ఉన్నవాడు కదలకూడదు. రైల్వేలో ఆయన మొదట నేర్చుకున్నది అదేనట. ఏళ్ల తరబడి నన్ను ఈ పనిలోంచి బయటికి లాగాలని చూసిన మనిషి, చొక్కా కవరు స్కూటరు హ్యాండిలుకు తగిలించి ఇటుకల మీద కూర్చున్నారు. నేను కర్రల మధ్యకు దూరాను. నెత్తి మీద పచ్చి కాంక్రీటు. ఒక్కో కర్ర కిందా చెక్క పెట్టి సుత్తితో కొట్టుకుంటూ పోయాం. చివరికి కర్రలు నిలబడ్డాయి. పోత మళ్లీ మొదలై చీకటి పడేలోపు పూర్తయింది. ఇంటర్వ్యూ టైము ఎప్పుడో దాటిపోయింది.

మర్నాడు పొద్దున్న స్లాబుకు నీళ్లు పట్టడానికి వెళ్లేసరికి ఆయన నాకంటే ముందే అక్కడున్నారు. మళ్లీ గుమస్తాను బతిమాలారట.

"ఈవేళ మధ్యాన్నం దాకా సూస్తారంట. ఎల్లు."

అలసట అనీ, సైటులో ఎవరూ లేరనీ ఏదో మొదలుపెట్టాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"నిన్న నువ్వు డ్యూటీలో ఉన్నావు, నానేటీ అన్లేదు. ఇప్పుడు దిగీసినావు కదా. ఈవేళ ఎల్లకపోతే అది నీ ఇష్టం. స్లాబు మీద పెట్టకు."

నాకు ఒళ్లు మండింది. ఎందుకంటే ఆయన అన్నది నిజం. ముందు రోజు టైము దాటిపోయినప్పుడు నాకు బాధ కలగలేదు, హాయిగా అనిపించింది. మా ఆవిడకు కూడా చెప్పని ఆ సంగతిని ఈయన నా మొహం చూసి పట్టేశారు. చెక్కలు కొడుతున్నంతసేపూ చచ్చేంత భయపడ్డాను, కానీ అక్కడ కాక ఇంకెక్కడో ఉండాలని ఒక్కసారీ అనిపించలేదు. దడుచుకుంటూ బతికే బతుకే, అయినా ఈ పని నాకు ఇష్టం.

"నేను వెళ్లను మావయ్యగారూ" అన్నాను.

ఆయనకు నచ్చలేదు, ఆ సంగతి దాచనూ లేదు. "నా కూతురికి నువ్వే సెప్పుకో" అన్నారు. చెప్పుకున్నాను. ఆవిడ చాలా రోజులు ముభావంగా ఉంది. ఆ నిర్ణయం మంచిదో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. పోయిన వానాకాలంలో కూడా మానేద్దామా అనుకున్నాను. కానీ ఈ పనిలో ఉండిపోయినందుకు బిల్డరునో, తలరాతనో తిట్టుకోవడం ఆ రోజుతో ఆగిపోయింది. అందుకు ఆయనకు ఎప్పటికీ రుణపడి ఉంటాను, కానీ ఆయన ఉన్నన్నాళ్లూ ఆ మాట ఆయనతో అననే లేదు.

ఆయన లేరనుకుంటే నాకు ఆ ఉదయమే కళ్ల ముందుకొస్తుంది. వెళ్లనన్న నా చేతిలోంచి నీళ్ల పైపు లాక్కుని, "ముందు ఆ గుమస్తాకి ఫోను సెయ్యి. ఇది నాను పడతాను" అన్నారు. గుమస్తా దగ్గర పోయేది ఆయన పరువే. నేను ఫోనులో క్షమాపణ చెప్పుకుంటుంటే వినకూడదని స్లాబు ఆ చివరికి నడిచి, అటు తిరిగి నిలబడ్డారు. పాంటు పైకి మడిచి, ఉత్త కాళ్లతో మూలమూలకూ నీళ్లు పట్టారు. నేను ఫోను పెట్టేసి దగ్గరికి వెళ్లినా పైపు ఇవ్వలేదు.

"ఇలాగ ఎన్నాళ్లు పట్టాల?" అన్నారు. కట్టడం పని గురించి ఆయన నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి.

"కొన్నాళ్లు రోజూ పట్టాలి. ఎండిపోతే పగుళ్లొస్తాయి."

"అచ్ఛా" అన్నారు. మొహం నా వైపు తిప్పకుండా, అప్పటికే తడిసిన చోటనే మళ్లీ తడుపుతూ నిలబడ్డారు.