మోగని అలారం వెంట కలిదిండి దాకా

ఆదివారం ఉదయం ఏడింటికి తాడేపల్లిగూడెంలో ప్యాసింజరు ఎక్కాను. కిటికీ పక్క సీటులో నేను వేసిన తువ్వాలు తీసి నా చేతికిచ్చి ఒకాయన కూర్చున్నారు. గళ్ళ చొక్కా. ఎక్కడ కనపడినా గుర్తుపడతాను.

ఏలూరు వెళ్ళడం ఫిర్యాదు చేయడానికే. కలిదిండి దగ్గర మాకో చేపల చెరువుంది. నీళ్ళలో వేలాడే సెన్సరు ఆక్సిజన్ తగ్గిందని చూపితే ఫోనులో అలారం మోగించే ఉచిత యాప్ వాడుతున్నాను. అది ఏ కంపెనీదీ కాదు. ఓపెన్ సోర్స్ అంటారు. కోడ్ అందరికీ కనబడేలా ఉంచితే, తెలిసినవాళ్ళు తీరిక వేళల్లో సరిచేస్తుంటారు. పోయిన నెల మబ్బు పట్టి ఆక్సిజన్ పడిపోయిన ఒక తెల్లవారుజామున అలారం మోగలేదు. సగం చేపలు పోయాయి. మళ్ళీ మబ్బులు కమ్ముతున్నాయి. మిగిలినవైనా దక్కాలి.

యాప్ వాళ్ళ ఫోరంలో రాస్తే, లావణ్య అనే ఆవిడ సెన్సరు నీళ్ళలోనే ఉందా అని అడిగింది. ఇన్నేళ్ళుగా చేపలు పెంచుతున్న నన్ను! జవాబివ్వలేదు. వారం తర్వాత, వివరాలు అందలేదంటూ నా ఫిర్యాదు మూసేశారు. రెంటికీ స్క్రీన్‌షాట్లు తీసి ఉంచాను.

ఏలూరు స్టేషను ఎదుట పెసరట్టు తిని, వాళ్ళు నెలకోసారి కలిసే ట్యూషన్ సెంటరు మేడెక్కాను. పదిమంది దాకా ఉన్నారు. ఒకతను ముఖమైనా ఎరగని మనిషికి ఫోనులో ఓపిగ్గా యాప్ సరిచేసుకునే దారి చెబుతున్నాడు. జీతం ఎవరిస్తారని అడిగితే ఎవరూ ఇవ్వరన్నారు. నమ్మబుద్ధి కాలేదు గానీ, కూర్చుని చూడాలనిపించింది.

లావణ్య కూడా అక్కడే ఉంది. బడిలో లెక్కలు చెబుతుందట. స్క్రీన్‌షాట్లు ఆవిడ ముందు పెట్టాను.

"మూసింది నేనేనండీ. చెరువు చూడకుండా ఏం చెప్పమంటారు? పదండి, చూద్దాం," అంది.

పోట్లాటకు దాచుకున్న మాటలన్నీ వృథా అయ్యాయి.

పదకొండింటికి కైకలూరు బస్సు. కొల్లేరు మీదుగా వెళుతుంటే రోడ్డుకు రెండువైపులా నీళ్ళు, నీళ్ళలో ఒంటికాలి మీద కొంగలు. పక్క సీటు పెద్దావిడ, "మీ అమ్మాయాండీ?" అంది.

"కాదండీ. ఈవిడ మీద నాకు ఫిర్యాదుంది."

"మరి టిక్కెట్టు మీరే తీశారేంటండీ?"

లావణ్య కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది. అది కూడా చూశాను.

కైకలూరులో భోజనం చేసి, ఆటోలో చెరువు చేరేసరికి రెండు దాటింది. మేత వేసే నాగరాజు అప్పుడే దోనె కదిలించాడు. నీళ్ళలో పాతి మేత సంచులు కట్టిన గడల దగ్గర ఆగి, ముందుగా సెన్సరు పైకి లాగి గడకు తగిలించాడు. లావణ్య గట్టు మీదనుంచే అడిగింది, ఎందుకు తీశారని.

"దోనె తగిలి తీగ తెగిపోద్దండి. ఓసారి తెగితే అయ్యగారు ఊరంతా వినపడేలా తిట్టారండి."

"మళ్ళీ ఎప్పుడు దింపుతారు?"

"సాయంత్రమండి. మర్చిపోతే మర్నాడు."

గాలిలో ఉన్న సెన్సరు ఆక్సిజన్ నిండుగా ఉన్నట్టే చూపుతుంది. ఇక అలారం ఎందుకు మోగుతుంది? ఆవిడ నోరు తెరవకముందే అందుకున్నాను: ఈ చుట్టుపక్కల అందరూ ఇలాగే తీస్తారు, గాలిలో ఉన్న సంగతి యాపే చెప్పాలి కదా అని.

"ఇది మాకెవరూ చెప్పలేదండీ. మీరే రాయండి, మీ పేరుతో."

గట్టు మీద కూర్చుని దోనె, గడ, మేత వేళలు అన్నీ రాశాను. మూసిన ఫిర్యాదు తెరుచుకుంది. ఆవిడ లాప్‌టాప్‌లో కోడ్ మార్చి, కొత్త యాప్ నా ఫోనులో ఎక్కించి, ఏలూరు వెళ్ళిపోయింది.

నేను భీమవరం మీదుగా తిరుగు బస్సులు పట్టుకున్నాను. ఆకివీడు దాటాక ఫోను మోగింది: మేత వేళ దాటినా సెన్సరు గాలిలోనే ఉంది. నాగరాజుకు ఫోన్ చేశాను. దింపేత్తన్నానండి అన్నాడు. కాసేపటికి తెర మీద నీళ్ళలోని ఆక్సిజన్ అసలు అంకె వచ్చింది. ఆకాశం నిండా మబ్బే, అయినా ఊపిరి పీల్చుకున్నాను.

ఫిర్యాదుతో ఆ మేడకు వెళ్ళేవాళ్ళకు నా మాట: ఆ మనుషులు మన చెరువు చూడలేరు, మనమే చూపించాలి. అలాగని, మూసేముందు ఇంకోసారి అడగకపోవడం తప్పు కాకుండా పోదు. ఆ సంగతీ బస్సులోంచే ఫోరంలో రాశాను. భీమవరంలో జవాబొచ్చింది: నిజమేనండీ, ఇంకోసారి అడగాలన్న నియమం మీరే రాసి పంపండి, చేర్చుకుంటాం.

తాడేపల్లిగూడెం వచ్చేదాకా తలెత్తకుండా రాస్తూనే ఉన్నాను.