పిట్టగోడ వెనక కిటికీలు

తొంభైలలో దోహాలో ఒక కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసేవాణ్ణి. ఇంగ్లండ్ పల్లెలో ఉన్న పాతకాలపు భవంతి ఒకటి నచ్చి, ఒక ఖతరీ పెద్దమనిషి అచ్చం అలాంటిదే ఇక్కడ కట్టిపెట్టమన్నాడు. దాని ప్లాన్ల నకళ్లు తెప్పించారు. అక్కడ ఆ ఇంటికి చట్టం కాపలా ఉందట, తలుపు మార్చాలన్నా అనుమతి కావాలట.

"ఉన్నదున్నట్టు దించు. సొంత తెలివి వద్దు," అన్నాడు మా చీఫ్. గోదావరి జిల్లా మనిషి.

దించాను. స్తంభాలు, నిలువెత్తు కిటికీలు, ఆఖరికి పొగగొట్టాలు కూడా. ఈ ఎండల్లో పొగగొట్టాలెందుకని ఎవరూ అడగలేదు. పైకప్పు కింద, పిట్టగోడ చాటున, పనివాళ్లకు నాలుగు గదులున్నాయి. గదికొక చిన్న కిటికీ. చీఫ్ ఎర్ర పెన్సిల్ అక్కడ ఆగింది.

"ఇవి తీసెయ్యి. కింద నించి కనపడవు కదా, ఎవడు చూడొచ్చాడు?"

మా పిన్ని దోహాలోనే ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో ఒక ఇంట్లో పనిచేసేది. ఆమె గదికి కిటికీ లేదు. తెల్లారిందని గడియారం చూసి తెలుసుకునేది.

"లోపలున్న మనిషి చూస్తుంది సార్. ఉన్నదున్నట్టే దించాను," అన్నాను.

రెండుసార్లు షీటు వెనక్కి పంపాడు. రెండుసార్లూ కిటికీలతోనే గీసి ఆయన బల్ల మీద పెట్టాను. మూడోసారి సంతకం చేశాడు.

ఇల్లు లేచాక ఒక శుక్రవారం పిన్నిని తీసుకెళ్లాను. రోడ్డు మీదికి స్తంభాలు కనబడ్డాయి, పొగగొట్టాలు కనబడ్డాయి. నా కిటికీలు కనబడలేదు. పైన నాలుగున్నాయని చెప్పాను.

"ఏ పక్కకుండాయిరా?" అంది పిన్ని.

"తూర్పుకు."