పైల్స్ అని చెప్పాను

కరోనా సద్దుమణిగిన రెండో ఏడు, వానాకాలం. సికింద్రాబాద్‌లో ఒక ఆస్పత్రి మూడో అంతస్తులో ఎండోస్కోపీ గదికి నేను ఇన్‌ఛార్జి సిస్టర్‌ని. అప్పటికి ఆ గదిలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. మా పని ఏమిటో చెబితే చుట్టాలు ముక్కు మూసుకుంటారు. కెమెరా ఉన్న సన్నటి గొట్టాన్ని నోట్లోంచో కిందినుంచో పంపి లోపల చూడటం మా పని. కిందినుంచి పంపి పెద్దపేగు చూసేదాన్ని కొలనోస్కోపీ అంటారు. దానికి ముందురోజు లీటర్ల కొద్దీ ఉప్పటి మందునీళ్లు తాగి పేగు ఖాళీ చేసుకుని రావాలి. నాకు నోటి దురుసు ఎక్కువని అందరూ అంటారు. నిజమే. సగం తాగొచ్చి మొత్తం తాగామని ఒట్టేసేవాళ్లతో రోజూ వేగితే ఎవరికైనా వస్తుంది.

భాగ్యమ్మ మాత్రం చెప్పినట్టు మొత్తం తాగి వచ్చింది. యాభై రెండేళ్ల మనిషి. బోయిన్‌పల్లి మార్కెట్లో పచ్చిమిర్చి, బెండకాయ బస్తాల లెక్కన అమ్ముతుంది. వెంట వచ్చిన భర్త మల్లేశ్ అదే మార్కెట్లో ట్రాలీ ఆటో నడుపుతాడు. మూడు నెలలుగా మలంలో నెత్తురు పడుతోందట. సూది పెడదామని ఎడమ చెయ్యి పట్టుకున్నాను. ఆమె వెనక్కి లాక్కుంది.

"ఈ చెయ్యి వద్దు సిస్టర్. ఆరేండ్ల కింద ఇటుపక్క రొమ్ముకు కాన్సర్ ఆపరేషన్ అయింది. ఈ చేతికి సూది, బీపీ పట్టీ వద్దన్నరు."

ఆమె చెప్పింది సరైనదే. రొమ్ముతో పాటు చంకలో గడ్డలు కూడా తీస్తే ఆ వైపు చెయ్యి వాచే ప్రమాదం ఉంటుంది. అంత పెద్ద సంగతి ఫారంలో ఎందుకు రాయలేదని మల్లేశ్ మీద గయ్యిమన్నాను. ఆయన తల వంచుకున్నాడు. కాన్సర్ అన్న మాట భాగ్యమ్మ ఏ తడబాటూ లేకుండా అంది. ఆ పూట నేను దాన్ని పట్టించుకోలేదు.

సూది కుడిచేతికి పెట్టి సెడేషన్ ఇచ్చాం. అంటే పూర్తిగా నిద్రపుచ్చకుండా తేలికపాటి మత్తు. గొట్టం కొద్ది దూరం పోగానే స్క్రీన్ మీద పాలిప్ కనబడింది. పాలిప్ అంటే పేగు లోపలి గోడ మీద పెరిగిన కండ. చిన్నదైతే వైరు ఉచ్చు బిగించి అక్కడికక్కడే తీసేస్తాం. ఇది నాలుగు సెంటీమీటర్లు ఉంది, అడుగుభాగం వెడల్పుగా పరుచుకుని ఉంది. "దీన్ని మనం లాగితే పేగుకు చిల్లు పడుతుంది. సర్జరీకి పంపాల్సిందే" అన్నారు డాక్టర్ సార్. పరీక్షకు చిన్న ముక్కలు తీశారు. దాన్నే బయాప్సీ అంటారు.

ఆ తర్వాత జరిగింది మా దగ్గర రోజూ జరిగేదే. సార్ స్ట్రెచర్ దగ్గర నిలబడి, "భాగ్యమ్మా, లోపల పాలిప్ ఉంది, ఆపరేషన్ చెయ్యాలి" అన్నారు. ఆమె "సరే సార్" అంది. ఆ మత్తుమందు గుణమే అంత. పేషెంటు కళ్లు తెరుస్తుంది, జవాబు చెబుతుంది, తల ఊపుతుంది. గంట తర్వాత ఒక్క ముక్క గుర్తుండదు. ఆ సంగతి సార్‌కి తెలుసు, నాకూ తెలుసు. అయినా 'పేషెంటుకు వివరించాం' అన్న గడిలో నేనే టిక్కు పెట్టాను. అసలు సంగతి వరండాలో ఇంటివాళ్లకు చెప్పడం మా పద్ధతి.

వరండాలో మల్లేశ్ అంతా విని గోడకు ఆనుకున్నాడు. "సిస్టర్, మీ కాళ్లు మొక్కుత, ఆమెకు జెర చెప్పకుండ్రి" అన్నాడు. "అప్పట్ల కాన్సర్ అని తెల్సినంక మూడు నెల్లు అన్నం ముట్టలే. మనిషి సగమైంది. మల్ల ఆపరేషన్ అంటే తట్టుకోదు. పైల్స్ అని చెప్పుండ్రి. మెల్లగ నేనే తోలుకొస్త."

తల ఊపాను. పదకొండేళ్లలో ఇలాంటి మాట ఎందరు అన్నారో లెక్క లేదు. ప్రతిసారీ సరే అన్నాను. పాపం, ప్రేమ కొద్దీ అంటారు కదా అని నా లెక్క.

మత్తు దిగాక భాగ్యమ్మ లేచి కూర్చుంది. టీ, బిస్కెట్లు ఇచ్చాను. టీ తాగకుండా నా మొహంలోకి చూసింది.

"సిస్టర్, లోపట ఏమన్న ఉన్నదా? దాపెట్టకు."

"పైల్స్ ఉన్నయమ్మా. చిన్న ఆపరేషన్ చేస్తే అయిపోతది."

"పైల్సేనా?"

"పైల్సే."

ఎంత తేలిగ్గా అన్నానో తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

పది రోజులకు బయాప్సీ రిపోర్టు వచ్చింది. అందులో హై గ్రేడ్ డిస్‌ప్లేసియా అని ఉంది. కణాలు బాగా దారి తప్పాయి, ఆ ముక్కల్లో ఇంకా కాన్సర్ కనబడలేదు, అలాగే వదిలేస్తే మాత్రం అవుతుంది అని దాని అర్థం. మల్లేశ్‌కి ఫోన్ చేసి చెప్పి, సర్జన్ దగ్గరికి పొమ్మని, నేను నా పనిలో పడ్డాను. వానలు తగ్గి బతుకమ్మ రోజులు వచ్చాయి. ఒకరోజు బయాప్సీ రిజిస్టర్ సరిచూస్తుంటే భాగ్యమ్మ పేరుకు ఎదురుగా సర్జరీ గడి ఖాళీగా కనబడింది. వెంటనే ఫోన్ చేశాను.

"పైల్స్‌కు పొట్ట కోసుడేంది అంటున్నది సిస్టర్" అన్నాడు మల్లేశ్. "పైల్స్‌కు ఎవరో పసరు పోస్తరని మార్కెట్ల చెప్పిండ్రట. రెండు నెల్ల సంది అదే తాగుతున్నది. నెత్తురు సుత ఆగలే."

"మరి నువ్వేం చేస్తున్నవయ్యా?" అని అరిచాను.

"ఏమని చెప్పాలె సిస్టర్? పైల్స్ అన్నది మనమే కద."

మనమే అన్నాడు. ఇంక దాచేది లేదు, రేపు నేనొచ్చి చెబుతాను, నువ్వు పక్కనే ఉండు అన్నాను. ఫోన్లోనే ఏడ్చాడు. చాలాసేపటికి సరే అన్నాడు. సార్‌కి చెబితే, "నేను చెప్పాల్సిన మాట అది. ముందు ఆమెను ఇక్కడికి రప్పించు" అన్నారు.

మర్నాడు నాకు సెలవు. రాంగోపాల్‌పేట్‌లో మా ఇంటి నుంచి బస్సెక్కి బోయిన్‌పల్లి వెళ్లాను. బేరాలు తగ్గే వేళ. భాగ్యమ్మ చిక్కిపోయింది, మొహం పాలిపోయింది. నన్ను చూసి సంబరంగా లేచి, ఖాళీ బస్తా దులిపి పరిచింది. కూర్చున్నాను. మల్లేశ్ వచ్చి పక్కన నిలబడ్డాడు. నీకున్నది పైల్స్ కాదు, పాలిప్, తీయకపోతే కాన్సర్ అవుతుంది, పసరుతో పోదు, ఆపరేషన్ కావాలి, ఇదంతా మాకు మొదటి రోజు నుంచీ తెలుసు అని చెప్పేశాను.

ఆమె ఏడవలేదు. మిరపకాయలు ఏరుతున్న చెయ్యి మాత్రం ఆగింది.

"అప్పట్ల సుత గిట్లనే చేసిండ్రు" అంది. "గడ్డ తీస్తరన్నరు. లేచి చూసుకుంటే రొమ్మే లేదు. కాన్సర్ అని ఇంట్లోల్లు చెప్పలే. కరెంటు పెట్టే కాడ లైన్ల కూసున్న ఒకామె చెప్పింది." రేడియేషన్‌ని మన పేషెంట్లు కరెంటు అంటారు.

"నువ్వు తట్టుకోవని..." అన్నాడు మల్లేశ్.

"అన్నం ముట్టలేదని చెప్పినవా సిస్టర్‌కు? కాన్సర్‌కు భయపడి ముట్టలేదనుకుంటున్నవా?" ఆమె గొంతు పెంచలేదు. "ఇంట్ల అందరికి ఎర్కనే, నాకొక్కదానికే తెల్వదు. నా ముంగట నవ్వుడు, అవతలికి పోయి ఏడ్సుడు. ఇంకేం దాసిండ్రో, ఇంకెన్ని దినాలున్నయో, ఎవల్ని అడగాలె? ఎవ్వరి మాట నమ్మాల్నో తెల్వక ముద్ద దిగలే నాకు."

ఆరేళ్ల తర్వాత మల్లేశ్ ఈ మాట మొదటిసారి వింటున్నాడు. అలాగే కింద చతికిలబడ్డాడు. ఆమె నావైపు తిరిగింది.

"ఇంట్లోల్లంటే ఇంట్లోల్లు. నిన్ను నమ్మి అడిగిన ఆ దినం."

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "తప్పు చేసిన భాగ్యమ్మా" అన్నాను.

ఆమె మళ్లీ మిరపకాయలు ఏరడం మొదలుపెట్టింది. తర్వాత అన్నీ పని మాటలే అడిగింది. ఎంత కోస్తారు, మలం పడటానికి పొట్టకు సంచి తగిలిస్తారా, బరువులు ఎన్నాళ్లు ఎత్తకూడదు. తెలిసినవి చెప్పాను. సంచి సంగతి సార్‌నే అడుగుదాం అన్నాను. మూడోరోజు ఆస్పత్రికి వచ్చింది. సార్ తలుపు మూసి, కాగితం మీద పేగు బొమ్మ గీసి, ఎక్కడ కోసి ఎక్కడ కలుపుతారో ఆమెకే చూపించారు. అర్థం కాని చోట ఆపి రెండుసార్లు అడిగింది. సంతకం తనే పెట్టింది.

ఆపరేషన్ బాగానే అయింది. పాలిప్ ఉన్న మేర పేగు తీసి రెండు కొసలూ కుట్టారు. సంచి అవసరం పడలేదు. తీసిన పేగు రిపోర్టులో మాత్రం, పాలిప్ మధ్యలో ఒక చిన్నచోట కాన్సర్ షురూ అయిందని వచ్చింది. పక్కనున్న లింఫు గడ్డలకు పాకలేదు, కీమో అక్కర్లేదు, క్రమం తప్పకుండా పరీక్షలు చేయించుకుంటే చాలన్నారు. అది సార్ ఆమెకే చెప్పారు. విని, మల్లేశ్‌ను వెంటబెట్టుకుని మా గదికి వచ్చి కూర్చుంది.

"సిస్టర్, ఒక్కటి అడుగుత. పసరు తాగిన ఆ రెండు నెల్లల్ల పుట్టిందా ఇది?"

నేను సార్‌ని అప్పటికే అడిగి ఉన్నాను. ఎవరూ చెప్పలేమన్నారు. 'కాదమ్మా, ముందునుంచే ఉంది' అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అలా అంటే ఆమెకు ఊరట, నాకు అంతకన్నా ఊరట. మల్లేశ్ కూడా ఆ మాట కోసమే నావైపు చూస్తున్నాడు.

"తెల్వదు భాగ్యమ్మా. ముందే ఉండి మేం తీసిన ముక్కల్లో పడకపోయి ఉండొచ్చు. ఆ రెండు నెలల్లో పుట్టి కూడా ఉండొచ్చు. అట్లయితే నేను చేసిన తప్పే."

తిడుతుందని ఎదురుచూశాను. తిట్టినా పడేదాన్ని. ఆమె నా మొహం చూస్తూ కూర్చుంది.

"గీ మాట నమ్మిన" అంది చివరికి.

మాఫ్ చేశానని అనలేదు. నేనూ అడగలేదు. పేషెంటుకు ధైర్యం చెప్పడం నర్సు పని అని మాకు ట్రైనింగ్‌లో నేర్పారు. పదకొండేళ్లు నేను చెప్పింది ధైర్యమే అనుకున్నాను. ఎదుటి మనిషి జబ్బును ఆమె చేతుల్లోంచి లాక్కుని ఇంటివాళ్ల చేతుల్లో పెట్టడాన్ని ధైర్యం చెప్పడం అనరని నాకు నేర్పడానికి భాగ్యమ్మ పేగు కోయించుకోవాల్సి వచ్చింది.