కొసన నిలబడ్డవాళ్ల మొహాలు

మిరపకాయల ఘాటు తగిలితే ఇప్పటికీ నాకు తుమ్ములు ఆగవు. నిన్న ఒక పెళ్లి ఫోటోలకు ఆటోలో వెళుతుంటే రోడ్డు పక్క కల్లాల్లో కాయలు ఎండుతున్నాయి. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నా లాభం లేకపోయింది. "మీకు దిష్టేం లేదులెండి మేడం" అని ఆటో డ్రైవరు నవ్వాడు. నాకు నవ్వే ఓపిక లేదు. సుభానీ గారు గుర్తొచ్చారు. ఈ ఘాటులో ఆయన నన్ను ఎన్ని మధ్యాహ్నాలు నిలబెట్టారో!

బ్రాడీపేటలో ఆయనకు చిన్న ఫోటో స్టూడియో ఉండేది. తొంభైల చివర్లో, డిగ్రీ చేసి ఎక్కడా ఉద్యోగం దొరక్క, నేను అందులో చేరాను. పెళ్లిళ్లలో ఆడవాళ్ల ఫోటోలు తీయడం నా పని. చేరిన కొత్తలోనే కోటేశ్వరమ్మ అనే ఆవిడ పల్లెటూరి నుంచి వచ్చింది. ఆ ఏడు పత్తి పోయింది, అప్పుల బాధతో ఆవిడ భర్తా పోయాడు. ఆయన ఉన్న ఫోటో లోకం మొత్తం మీద ఒక్కటే. అది ఎవరిదో పెళ్లిలో సుభానీ గారు తీసిన గ్రూపు ఫోటో. అందులో ఆయన వరస చివర నిలబడి ఉన్నాడు.

"ఈ మొహం ఒక్కటే పెద్దది చేసియ్యండి. మా పిల్లకింకా ఊహ తెలీదు. రేపు ఇదిగో మీ నాన్న అని చూపించాలిగా" అంది.

సుభానీ గారు ఎన్నిసార్లు ప్రింటు వేసినా మొహం రాలేదు. కళ్లూ మీసమూ కలిసి మసకగా సాగిపోయాయి. చవక లెన్సు, మధ్యలోవాళ్లను చక్కగా చూపించి అంచులను గాలికొదిలేసింది. కోటేశ్వరమ్మ ఆ ప్రింటును చాలాసేపు చూసి, "ఈయనేనా?" అని మమ్మల్నే అడిగింది. వెళుతూ వెళుతూ ఆవిడే మమ్మల్ని ఓదార్చింది. "మీరేం జేస్తారులెండి. ఎక్కడికెళ్లినా కొసనే నించునేవాడు. ముందుకు రమ్మంటే సిగ్గు."

అప్పటి నుంచి సుభానీ గారికి లెన్సుల పిచ్చి పట్టుకుంది. కొత్తది కొనే తాహతు మాకు లేదు. అడిగి తెచ్చినవీ, సెకండ్‌హ్యాండువీ సంచిలో వేసుకుని తిరిగేవారు. పెళ్లి నుంచి వస్తూ, రీలు చివర కాసిని ఫోటోలు మిగిలితే చాలు, ఏదో ఒక కల్లం దగ్గర స్కూటర్ ఆగేది. ట్రాక్టరు ట్రక్కు ఎక్కి, లెన్సులు మార్చి మార్చి, పరిచిన కాయలను ఫోటో తీసేవారు.

"ఏంది సాయిబూ, మిరక్కాయలక్కూడా పెళ్లేనా?" అని తెల్లబడ్డ తాలుకాయలు ఏరే ఆడవాళ్లు ఎకసెక్కాలాడేవారు.

"పెళ్లికూతురు ఎర్రగా ఉంది గదమ్మా, వదులుకుంటానా!" అనేవారాయన.

ప్రింట్లు వచ్చాక భూతద్దం నా చేతికిచ్చేవారు. "మధ్యలో ఏ లెన్సయినా బాగానే చూపిస్తుంది. మూల చూడు పద్మా, తొడిమలు విడివిడిగా కనపడుతున్నాయా?" కనపడేవి కావు. మూలలన్నీ పండుమిర్చి నూరి పెట్టినట్టు ఒకటే ముద్ద. లెన్సు రంధ్రం బాగా తగ్గిస్తే కొన్ని తేటగానే వచ్చేవి గానీ, అది ఎర్రటి ఎండలో సంగతి. పెళ్లి పందిట్లో అంత వెలుతురు ఎక్కడిది? ఇలా ఏళ్లు గడిచాయి. నాకు విసుగొచ్చింది. ఆయనకు ఎందుకు రాదా అనుకునేదాన్ని.

చివరికి ఆయనకూ వచ్చింది. ఒక పెళ్లిలో గ్రూపు ఫోటో అయిపోగానే "ఎవరూ కదలొద్దు" అని, వరస చివర ఒదిగి నిలబడ్డ ముసలాయన్ని, ఆయన పక్కవాళ్లను చెయ్యి పట్టుకుని మధ్యలోకి తెచ్చారు. పెళ్లికూతురి తండ్రి గయ్యిమన్నాడు. "ఏందయ్యా ఇది? వియ్యంకుణ్ణి పక్కకు నెట్టి పాలేర్ని మధ్యలో పెడతావా?"

"మీ ఫోటో తీసేశానండీ. ఇది వాళ్లది" అన్నారు సుభానీ గారు.

ఆ రోజు స్కూటర్ కల్లం దగ్గర ఆగలేదు. "ఇవాళ చూడరా?" అని అడిగాను. "అలిసిపోయానమ్మా. మనం కొనగలిగే వాటిల్లో ఆ లెన్సు లేదు. మనుషుల్నే జరుపుకుందాం" అన్నారు.

ఆయన పోయి చాలా కాలమైంది. ఇప్పుడు నా దగ్గరున్న లెన్సు అంచుల్లో కూడా తొడిమలు లెక్కపెట్టేంత తేటగా చూపిస్తుంది. అయినా చివరివాళ్లను మధ్యలోకి తెచ్చి తీసే ఆ రెండో ఫోటో నేను మానలేదు. చివర నిలబడేవాళ్లు ముందువాడి భుజం వెనక దాక్కుంటారు, తల తిప్పేసుకుంటారు. దానికి ఏ లెన్సూ పనికిరాదు.

నిన్నా అంతే. "కానివ్వండి మేడం, అన్నాలు చల్లారిపోతున్నాయి" అని పెళ్లివారు విసుక్కుంటున్నారు. మోకాళ్లు పీకుతున్నాయి. వరస చివర నేతచీర కట్టుకున్న ఒకావిడ "నన్నెవరు చూస్తారమ్మా, వదిలెయ్" అంది. నిజంగానే వదిలేద్దామనిపించింది.

"పిల్లలున్నారా మీకు?" అని అడిగాను.

"ఒక కూతురుంది."

"అయితే రండి" అని చెయ్యి పట్టుకున్నాను.