పనసపండు బొమ్మ ముందు

నా చిన్నప్పుడు నన్నెవరైనా ఒక మాటంటే ఏళ్లు గడిచినా మరిచేదాన్ని కాదు. ఇప్పుడూ అంతే. ఒక్క మాట విషయంలో మాత్రం, చివరికి గెలిచింది నేనే అయినా, తలుచుకుంటే నా తలే వంగిపోతుంది.

ఆ వేసవిలో టెక్కలి నుంచి ఒక చిత్రకారుడు వచ్చి ఉద్దానంలోని మా ఇంట దిగాడు. పగలు కొబ్బరితోటలు, జీడితోటలు, ఇసుక మీద బోర్లించిన పడవలు గీసేవాడు. ఇంటిపట్టున ఉన్నప్పుడు అరుగు మీది బల్లపై పనసపండు, ఇత్తడి చెంబు, కొబ్బరికాయలు పేర్చి వాటి బొమ్మ వేసేవాడు. బొమ్మ పూర్తయ్యేదాకా పండును ఎవరూ ముట్టకూడదని మా తాతయ్య ఆజ్ఞ. ఆయనకు షుగరు. తీపి తినొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. పండేమో మాగి ఇల్లంతా ఘుమఘుమలాడుతోంది.

ఒక ఉదయం చూస్తే పండు చీల్చి ఉంది. చిత్రకారుడు అప్పటికే సముద్రం ఒడ్డుకు వెళ్లిపోయాడు. మా పెద్దమ్మ నా చేయి పట్టుకుని తిప్పి చూసింది. అరచేయి నిండా నూనె. జిగురు అంటకుండా చేతికి నూనె రాసుకున్నాకే మా వైపు ఎవరైనా పనసపండు విప్పుతారు. నేను తలకు పెట్టుకుంటున్నానంటే వినేదెవరు?

“ఏటే గుంటా, నూనె రాసుకుని మరీ తినీసినావా?” అంది.

వీధి వీధంతా నవ్వింది. ఎప్పుడూ నన్ను వెనకేసుకొచ్చే తాతయ్య మంచం మీద కూర్చుని నేల చూస్తూ ఉండిపోయాడు. పెద్దమ్మ మాట కన్నా ఆ మౌనమే ఎక్కువ గుచ్చుకుంది. ఆ రోజు నుంచి ఊరి పిల్లలకు నేను పనసదొంగను. పెద్దమ్మతో మాటలు మానేశాను.

వానలు మొదలయ్యాక టెక్కలిలో ఒక బడి హాల్లో ఆ బొమ్మలన్నీ ప్రదర్శనకు పెట్టారు. మా ఊరివాళ్లు బస్సెక్కి వెళ్లి, ఎవరి తోటను వాళ్లు గుర్తుపట్టి మురిసిపోయారు. చివరి గోడకు పనసపండు బొమ్మ. చీల్చిన పండే. దాని పక్కన మూత సొట్టపోయిన పొడుం డబ్బీ; ఆ ఉదయం మేం చూసేసరికి అది అక్కడ లేదు. తెల్లారుతూనే లేచి, బల్ల మీద ఏది ఎలా ఉంటే అలా గీసుకుని పోయాడట ఆయన. ఆ డబ్బీ ఎవరిదో ఆయనకు తెలియదు. మా ఊళ్లో తెలియనివాళ్లు లేరు.

“మావా, నీ డబ్బీకి కూడా పనసపండు మీద మనసైందేటి?” అన్నారెవరో తాతయ్యను చూసి. హాలంతా గొల్లుమంది.

ఈ క్షణం కోసమే నేను కాచుకుని ఉన్నాను. పెద్దమ్మను ఏమనాలో నోట్లో సిద్ధంగా ఉంది. ఇంతలో తాతయ్య నా ముందుకొచ్చి, అందరూ చూస్తుండగా అరచేయి చాపాడు.

“నానే తినీసినానమ్మా. నీ సెయ్యి కాదు, నా సెయ్యి సూడాల. ఆ పొద్దు నోరు రానేదు.”

నవ్వులు ఆగిపోయాయి. నేను పెద్దమ్మ వైపు తిరగనైనా లేదు. ఆ చేతిని చూడలేక తల దించుకున్నాను. దొంగ అనిపించుకున్న రోజున కూడా అంత సిగ్గుపడలేదు.

పెద్దమ్మ తన మాట ఎప్పటికీ వెనక్కి తీసుకోలేదు. ఆ కోపం నాకింకా ఉంది, ఉంటుంది కూడా. కానీ నూనె చేతులతో పిల్లలెవరైనా ఎదురుపడితే మాత్రం, “తలకు పెట్టుకున్నావా అమ్మా?” అని ముందుగా అడుగుతాను.