ఆరో పేరాలో ఒక వాక్యం

రిటైరవడానికి నాలుగేళ్ల ముందు, వేసవి సెలవులు ముగిసి కోర్టులు తెరిచిన జూన్‌లో, నన్ను అనకాపల్లిలో ఒక సివిల్ కోర్టుకు సూపరింటెండెంటుగా వేశారు. పాతవాళ్లు ఈ పదవిని శిరస్తాదారు అనేవారు. కొత్త దావా ఏదైనా జడ్జిగారి దగ్గరికి వెళ్లేముందు నా బల్ల మీదికి వస్తుంది. కాగితాలు సరిగ్గా ఉన్నాయా, కోర్టు ఫీజు సరిపోయిందా అని చూసి, లోపం ఉంటే చెక్ స్లిప్ అనే చీటీ మీద రాసి, గడువిచ్చి వెనక్కి పంపాలి. చాలామటుకు ఫీజు దగ్గరే ఆగిపోయేవి.

నూకరత్నం దావా జులైలో వచ్చింది. యాభై దాటిన మనిషి, భర్త లేడు. అచ్యుతాపురంలో ఒక కంపెనీలో కాంట్రాక్టరు కింద ఊడ్చే పని చేసేది. తండ్రి వదిలిపోయిన ఎకరన్నర చెరకు పొలంలో సగం తనకు పంచి ఇప్పించమని తమ్ముడి మీద వేసింది.

పంపకం దావాకు ఫీజు రెండు రకాలు. పొలం అందరి అనుభవంలో ఉమ్మడిగా ఉందంటే కొన్ని వందలతో పోతుంది. వాటా అడిగే మనిషిని పొలంలోకే రానివ్వడం లేదంటే, ఆ వాటా మార్కెట్ విలువలో ముప్పాతిక వంతు మీద ఫీజు లెక్కగట్టాలి. ఆమె వకీలు ప్రాక్టీసుకు కొత్త. మొదటి రకం ఫీజు కట్టి, ఆరో పేరాలో మాత్రం ‘ప్రతివాది ఆరేళ్ల క్రితం వాదిని పొలం నుంచి వెళ్లగొట్టి, నాటినుంచి అడుగు పెట్టనివ్వడం లేదు’ అని రాశాడు. ఆ వాక్యం కింద పెన్సిలుతో గీత గీసి, ఫీజు చాలదని రాసి పంపించాను. అది తప్పు కాదు. ఇవాళైనా అలాగే రాస్తాను.

మూడోనాడు వకీలు ఆమెను వెంటబెట్టుకుని వచ్చాడు. కంపెనీల చుట్టుపక్కల భూమి కాబట్టి ఫీజు ఆమె రెండు నెలల జీతానికి దగ్గరగా తేలింది. వకీలు గొంతు తగ్గించి, ఆ ఒక్క వాక్యం కొట్టేస్తే పాత ఫీజే సరిపోతుందని ఆమెకు చెప్పాడు. అలా కొట్టేసిన దావాలు నేను చాలా చూశాను.

నూకరత్నం ఒప్పుకోలేదు. "నాను ఆ సేలో అడుగెట్టి ఆరేళ్లయిపోనాది. నా తమ్ముడు కర్రట్టుకుని తరిమేడు, ఊరంతా సూసేరు. కలిసే ఉన్నామని ఎలాగ రాయిత్తాను బాబూ?" అంది. కోపంగా కాదు, నిజంగా అర్థంకాక అడిగింది.

వకీలు నావైపు చూశాడు. నేను గడియారంవైపు చూశాను.

చెవి దిద్దులు తాకట్టు పెట్టి ఆమె డబ్బు కూడగట్టేసరికి గడువు దాటిపోయింది. కొత్త దావాగానే వేద్దామన్నాడు వకీలు. ఈలోపు రిజిస్ట్రేషన్ ఆఫీసు లెక్కలో ఆ ఊరి భూముల విలువ పెరిగింది. విలువ పెరిగితే ఫీజూ పెరుగుతుంది. భూమి తమ్ముడి చేతిలో ఉంది, పెరిగిన విలువకు ఫీజు ఆమె కట్టాలి. తెచ్చిన డబ్బు చాలలేదు. నోట్లు మళ్లీ రుమాల్లో చుట్టుకుని వెళ్లిపోయింది.

అదే ఆవరణలో, నా గది నుంచి నలభై అడుగుల దూరంలో, న్యాయ సేవల కమిటీ ఆఫీసు ఉంది. ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచితంగా వకీలును ఇస్తారు, కోర్టు ఫీజు భారం కూడా పడనివ్వరు. ఆ సంగతి నాకు తెలుసు. చెప్పలేదు. వకీలుకూ కక్షిదారుకూ మధ్య దూరకూడదన్నది ఒక కారణం. బల్ల మీద ఇంకా ఇరవై కాగితాలు ఉండటం రెండోది. ఆ వయసుకు ఇలాంటివి చూసి చూసి విసుగెత్తిపోవడం అసలుది.

దసరా సెలవులయ్యాక ఒంటరిగా వచ్చింది. దావాకు జతచేసిన పాసుపుస్తకం నకలు కావాలంది. వకీలు దగ్గరే ఉంటుందని చెప్పి, దావా ఏమైందని అడిగాను.

"ఎలమంచిలిలో సంతకం ఎట్టీసేను బాబూ. తమ్ముడు కాసిన్ని డబ్బులిచ్చేడు, దిద్దులు ఇడిపించుకున్నాను. కోర్టుకొచ్చినప్పుడల్లా ఒక రోజు కూలి పోతన్నాది" అంది.

హక్కు వదులుకుంటూ రిజిస్టరైన కాగితం అది. ఇక చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. అయినా అప్పుడు చెప్పాను, ఆ కమిటీ గురించి. ఎందుకు చెప్పానో నాకే తెలియదు.

ఆమె కిటికీలోంచి ఆ గదివైపు చూసింది. "ఈ మాట ముందే సెప్పకపోయేరేటి?" అంది. జవాబు కోసం ఆగలేదు. రెండో షిఫ్టు కంపెనీ బస్సు అందుకోవాలని వెళ్లిపోయింది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఫీజు చాలక కాగితం వెనక్కి పోయిన ప్రతి మనిషికీ ఆ గది చూపించాను. కొందరు వకీళ్లు మొహం ముడుచుకున్నారు. వెళ్లినవాళ్లలో కొందరికి పని అయింది, కొందరు తిరగలేక మానేశారు. నూకరత్నానికి దానివల్ల ఒరిగింది ఏమీ లేదు.

ఫీజు ఎంతో లెక్కగట్టడం నా ఉద్యోగం. ఆ ఫీజు ఎవరు కట్టనక్కర్లేదో చెప్పడం నా విధుల జాబితాలో లేదు. చెప్పకూడదని కూడా ఎక్కడా రాసిలేదు. అప్పటిదాకా చేసిన ముప్పై ఏళ్ల సర్వీసులో ఆ జాబితాను అలా చదవడం నాకు తోచలేదు.