బాపు అడగని ప్రశ్న

పందొమ్మిది వందల అరవైల నడుమ గ్రామసేవకునిగా ఉద్యోగంలో చేరిన కొత్తలో నా తెలుగు మీద నాకు మహా గర్వం. బోధన్ దగ్గరి మా ఊళ్లోనే చెరుకు రైతుల సభ పెట్టమన్నారు. చుట్టుపక్కల చేలలో ఎర్రకుళ్ళు తెగులు కనిపిస్తోంది. తెగులు సోకిన చేనునుంచి విత్తనపు గడలు తెచ్చి నాటవద్దు. నేను చెప్పవలసింది అంతే. దానికి మూడు రోజులు కూర్చుని ఆరు పేజీలు రాసుకున్నాను.

"వ్యాధిగ్రస్త క్షేత్రముల నుండి విత్తన సేకరణ సర్వథా వర్జనీయము" అని గొంతు పెంచి చదివాను. రైతులు చప్పట్లు కొట్టారు. అందరికంటే ముందు కొట్టింది ఉతికిన ధోవతి కట్టుకుని ముందు వరుసలో కూర్చున్న మా బాపు. సందేహాలున్నాయా అంటే ఒక్కరూ లేవలేదు. అంత బాగా చెప్పానన్నమాట, అనుకున్నాను. ఇంటికి పోతూ బాపు, "పెద్ద సాబుల లెక్క మాట్లాడినవ్ బిడ్డా" అన్నాడు. ఇక నా కాళ్లు నేల మీద నిలవలేదు.

మావైపు చెరుకు విత్తనం చుట్టాల చేలనుంచే తెచ్చుకుంటారు. అడిగినవాళ్లను ఎవరూ కాదనరు. ఆ ఏడు నేను నందిపేట్ వైపు పనిమీద ఉండగా, బాపు అప్పటికే ఎండుతున్న మా మేనమామ చేనునుంచి బండెడు గడలు తెచ్చి నాటేశాడు. వానలు పడ్డాక నేను వచ్చి చూస్తే ఆకులు పండుబారి ఎండుతున్నాయి. ఒక గడ చీల్చాను. లోపలంతా ఎర్రగా, నడుమ తెల్ల మచ్చలు, పులిసిన వాసన.

నాకు ఒళ్లు మండింది. "సభల చెప్పిన గద బాపూ! మామ చేను ఎండుతున్నదని తెలిసీ తెచ్చినవా?"

బాపు ఆ గడవైపే చూస్తూ, "నువ్వు చెప్పింది గిదా?" అన్నాడు. "నాకొక్క ముక్క సమజ్ కాలే బిడ్డా. అడుగుదమనుకున్న. గాని పదిమందిల అడిగితే, వీని మాట వీని బాపుకే తెల్వదని నవ్వుతరని ఊకున్న."

నా కోపం ఎటు పోయిందో! సిగ్గుతో తలెత్తలేకపోయాను. ఇద్దరం కలిసి ఆ చెరుకంతా పీకి కాల్చాం.

మళ్లీ నాట్లకు ముందు ఇంకో సభ పెట్టాను. ఈసారి కాగితాలు లేవు. ఒక తెగులు గడ పట్టుకుపోయి అందరి ముందు చీల్చాను. "గిట్ల ఎర్రగున్న చేన్లకెల్లి ఇత్తనం తేవొద్దు. సుట్టమిచ్చినా తేవొద్దు" అన్నాను. చప్పట్లు లేవు. గడ చేతులు మారుతూ పోయింది. ఒక్కొక్కరూ వాసన చూశారు.

ముందు వరుసలోంచి బాపు లేచాడు.

"మరి మంచి చేనును ఎట్ల గుర్తు వట్టాలె బిడ్డా?" అని పదిమందిలోనూ అడిగాడు.